ఎండ కూడా తుపానే!

నవంబరు నెలలో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందనుకోండి. ఏం జరుగుతుందో మీకు తెలుసు. రేడియోలో, టీవీలో గంటగంటకూ కబుర్లు వస్తాయి. ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు. వేటకు పోయిన పడవలు తీరానికి తిరిగివస్తాయి. ఊళ్లలో చాటింపు వేస్తారు. బళ్లకు సెలవు ఇస్తారు. లోతట్టు ప్రాంతాల్లో ఉన్నవాళ్లను లారీలు, బస్సులు ఎక్కించి తుపాను రక్షణ భవనాలకు తరలిస్తారు. కదలనని మొండికేసిన ముసలమ్మను సైతం బతిమాలి తీసుకుపోతారు.

ఇప్పుడు మే నెల సంగతి చూద్దాం. మిట్టమధ్యాహ్నం. చెరువు పూడిక తీసే పనిలో ఉన్న ఒక కూలీకి కళ్లు తిరిగాయి. పక్కనున్నవాళ్లు చెట్టు నీడకు మోసుకుపోయారు. ఆసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. మర్నాడు పత్రికలో ఒక మూల "వడదెబ్బకు ఒకరి మృతి" అని నాలుగు పంక్తుల వార్త. పక్క ఊళ్లో ఇంకొకరు, పక్క మండలంలో మరొకరు. చాటింపు లేదు, లారీలు రాలేదు, రక్షణ భవనం లేదు.

ఈ రెండింటికీ ఎందుకింత తేడా? తుపానును విపత్తు అనుకుంటాం. ఎండను "కాలమహిమ" అనుకుంటాం. నేను ఈ వ్యాసంలో మీతో వాదించదలచుకున్నది ఒక్కటే: ఎండ కూడా తుపానే. దాన్ని అలాగే చూడాలి, అలాగే ఎదుర్కోవాలి.

లెక్కలు ఏమంటున్నాయి?

వాదన చేసేవాడు లెక్క చూపాలి. చూపిస్తాను.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీ తాతలకు బాగా గుర్తు. పదివేల మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక అందినవాళ్లు తక్కువ. అందినా, ఎక్కడికి పోవాలో తెలియనివాళ్లు ఎక్కువ. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుపానే మళ్లీ కోస్తాను తాకింది. ఈసారి లక్షలాది ప్రజలను ముందుగా తరలించారు. మృతులు వెయ్యిమంది లోపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వంటి పెద్ద నగరం నెత్తిమీదనే విరుచుకుపడింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో చనిపోయినవారు వందలోపే.

పదివేలు, వెయ్యి, వంద! తుపానులు బలహీనపడ్డాయా? లేదు. మనం నేర్చుకున్నాం. ఉపగ్రహాలు, రాడార్లు వచ్చాయి. రక్షణ భవనాలు కట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, "తుపానులో ఎవరూ చావనక్కర లేదు" అన్న పట్టుదల కలిగింది.

ఇక రెండో లెక్క. 2003 వేసవిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు మూడువేల మందికి పైగా బలయ్యారు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోనూ కలిపి సుమారు రెండువేల మంది చనిపోయారు. అంటే హుద్‌హుద్ వచ్చిన మరుసటి వేసవిలోనే, హుద్‌హుద్ కన్నా ఎన్నో రెట్లు పెద్ద విపత్తు మన ఊళ్లమీదుగా సాగిపోయింది. చప్పుడు లేదు. ఒక చెట్టు కూలలేదు, ఒక కప్పు ఎగరలేదు. అందుకే మనకు కనిపించలేదు.

కుండలో నీళ్లు, ఒంట్లో చెమట

ఎండ మనిషిని ఎలా చంపుతుంది? జవాబు మీ ఇంట్లోని మంచినీళ్ల కుండలో ఉంది.

కుండ గోడలోని సన్నని రంధ్రాలగుండా నీరు చెమ్మగా పైకి వస్తుంది. ఆ చెమ్మ ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని కుండలోని నీళ్లనుంచే లాక్కుంటుంది. అందుకే నీళ్లు చల్లబడతాయి. మన ఒళ్లూ ఇలాంటి కుండే. లోపలి ఉష్ణోగ్రత 37 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర నిలబడాలి. బయట అంతకన్నా వేడిగా ఉంటే, ఒంట్లోని వేడిని బయటకు పంపే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఎంత వేడి పోతుందో తెలుసా? ఎనిమిది లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా కాచడానికి కావలసినంత!

అయితే వర్షాకాలంలో కుండ నీళ్లు చల్లబడవు, గమనించారా? గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటుంది కాబట్టి కుండ చెమ్మ ఆవిరి కాలేదు. మన చెమట కూడా అంతే. కోస్తాలో ఉక్కపోతగా ఉన్న 40 డిగ్రీలు, రాయలసీమలోని 43 డిగ్రీల పొడి ఎండకన్నా ప్రమాదం కావచ్చు. చెమట కారుతుంది గాని ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూసిన ఉష్ణోగ్రత ఈ సంగతి చెబుతుంది. ఆ తడి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, ఎంతటి ఆరోగ్యవంతుడైనా, నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని శాస్త్రజ్ఞులు చెబుతారు. గునపం పట్టి తవ్వే మనిషికి అంతకు ఎంతో ముందే ప్రమాదం వస్తుంది. ఎందుకంటే కష్టపడే కండరాలు కూడా వేడిని పుట్టిస్తాయి.

చల్లబరచే ఉపాయం చెడినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తం చర్మంవైపు పరుగెత్తుతుంది. నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు తడబడుతుంది. మాట తేడాగా వస్తుంది, స్పృహ తప్పుతుంది. అదే వడదెబ్బ. అటువంటి మనిషి కనబడితే వెంటనే నీడకు చేర్చండి. ఒళ్లంతా తడిపి విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహలేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇప్పుడు చెప్పండి, వడదెబ్బకు ఎవరు చనిపోతారు? చల్లని గదిలో కూర్చున్నవాళ్లా? కాదు. ఇటుకలు మోసేవాళ్లు, తారు రోడ్డు వేసేవాళ్లు, మిరపకాయలు ఆరబోసేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే వృద్ధులు. ఎండ అందరిమీదా ఒకేలా కాస్తుంది. కాని అందరికీ ఒకేలా తగలదు.

"రోహిణీ కార్తె ఎప్పుడూ ఉన్నదే కదా!"

ఈ మాట మీ ఇంట్లో పెద్దలు అనవచ్చు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత నిన్నటిది కాదు. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి ఊళ్లు ఎండకు ఎన్నాళ్లనుంచో పేరుపడ్డాయి. మరి కొత్తగా వచ్చిన ముప్పు ఏమిటి?

మంచి ప్రశ్న. ఒక్క రోజు ఎండ మండిందని శీతోష్ణస్థితి మారిపోయిందనకూడదు. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గితే విద్యార్థి మొద్దు అనలేం కదా! చాలా ఏళ్ల లెక్కలు చూడాలి. చూశారు. 1850–1900 మధ్యకాలంతో పోలిస్తే 2011–2020 నాటికి భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు పెరిగింది. 2024 ఒక్క సంవత్సరమే చూస్తే ఈ పెరుగుదల సుమారు ఒకటిన్నర డిగ్రీ. మన దేశంలో 1901 నుంచి 2018 వరకు సగటు 0.7 డిగ్రీలు పెరిగింది.

"ఓస్, ఇంతేనా? ఉదయానికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా ఉంటుందే!" అంటారా? అయితే ఈ చిన్న లెక్క చేయండి. ఒక తరగతిలో 40 మంది ఉన్నారు. లెక్కల పరీక్షలో తరగతి సగటు 50. మార్కులు 90 దాటినవాళ్లు ఇద్దరే. 86 నుంచి 90 మధ్య వచ్చినవాళ్లు నలుగురు. ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న తప్పని తేలి మాస్టారు అందరికీ 5 మార్కులు కలిపారు. సగటు 50 నుంచి 55కు చేరింది. పెరిగింది పదోవంతు. మరి 90 దాటినవాళ్లో? ఇద్దరు కాస్తా ఆరుగురయ్యారు. మూడు రెట్లు!

భూమి వేడెక్కడంలో కిటుకు ఇదే. సగటు కొంచెం జరిగితే చాలు, అంచున ఉండే విపరీతపు రోజుల సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. 2023 ఏప్రిల్‌లో మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ ఉక్కతో కూడిన వేడి వచ్చింది. మనుషుల వల్ల వచ్చిన మార్పు లేకపోయి ఉంటే ఎలా ఉండేదో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ మార్పు వల్ల అటువంటి వేడి వచ్చే అవకాశం కనీసం 30 రెట్లు పెరిగిందని తేల్చారు. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఎండకు ఉక్క తోడవడమంటే ఏమిటో కుండ ద్వారా మీరు తెలుసుకున్నారు.

రోహిణీ కార్తె పాతదే. దానిమీద కలిసిన 5 మార్కులు కొత్తవి.

ఆ మార్కులు కలిపింది ఎవరు?

సూర్యకాంతి తగిలి నేల వేడెక్కుతుంది. వేడెక్కిన నేల కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో ఆ వేడిని ఆకాశంలోకి వదులుతుంది. గాలిలో అధికంగా ఉన్న నత్రజని, ప్రాణవాయువు ఈ కిరణాలను అడ్డుకోవు. చాలా కొద్దిగా ఉన్న బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అడ్డుకుంటాయి. అడ్డుకుని కొంత వేడిని తిరిగి నేలవైపు పంపుతాయి. దుప్పటి చేసే పని ఇలాంటిదే. దుప్పటి తనంతట తాను వేడిని పుట్టించదు. ఒంటి వేడిని పోనివ్వదు. ఈ దుప్పటే లేకపోతే భూమి మంచుముద్ద అయ్యేది. చిక్కల్లా దాన్ని మందం చేస్తూ పోవడంతోనే వచ్చింది.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ, బొగ్గుపులుసు వాయువు నింపిన గాజు గొట్టం ఎండలో మామూలు గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుందని ప్రయోగం చేసి చూపింది. 1859లో జాన్ టిండాల్ ఏ వాయువు వేడి కిరణాలను ఎంత పట్టుకుంటుందో కొలిచాడు. 1896లో స్వీడన్ దేశపు ఆరీనియస్, ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో చేతి లెక్కతోనే అంచనా వేశాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండమీద రోజూ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లు బొగ్గుపులుసు వాయువు ఉండేది. యంత్రయుగానికి ముందు అది 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. అంటే సగం అదనంగా చేరింది.

ఆ అదనం ఎక్కడిది? ముఖ్యంగా బొగ్గు, పెట్రోలు, డీజిలు, సహజవాయువు మండించడంనుంచి వచ్చింది. అడవులు నరకడంవల్ల కొంత. కోట్ల ఏళ్లు నేలలో నిద్రపోయిన కర్బనాన్ని రెండు వందల ఏళ్లలో తవ్వి గాలిలోకి వదిలాం. పరీక్షలో చాలామంది పొరపాటు రాసే విషయం ఒకటి చెబుతాను. భూమి వేడెక్కడానికి ఓజోను పొరకు చిల్లు పడడం కారణం కాదు. అది వేరే సమస్య.

ఇంకో తమాషా చూడండి. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు ప్రాంతమే మండుటెండలకూ పేరుమోసింది. రామగుండం, కొత్తగూడెం ఎండలకు ఆ ఊరి పొగగొట్టాలే కారణమా? కాదు. బొగ్గుపులుసు వాయువు పుట్టినచోట నిలవదు. క్రమంగా భూగోళమంతా కలిసిపోతుంది. చికాగోలో మండిన బొగ్గు కొత్తగూడెంలోని ఇంటిమీదా దుప్పటి కప్పుతుంది. కొత్తగూడెంలో మండిన బొగ్గూ అంతే.

అయితే అందరూ సమానంగా మండించారా? సగటున ఒక అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారకుడు. భారతీయుడి వాటా సుమారు 2 టన్నులు. ఆ రెండు టన్నులు కూడా సగటే. ఎండలో గంప మోసే కూలీ వాటా అందులో ఎంతో ఊహించండి. తప్పు ఎవరిది, దెబ్బ ఎవరికి? ఈ ప్రశ్న సైన్సు పుస్తకంలో ఉండకపోవచ్చు. సైన్సు చదివినవాళ్లు అడగకుండా ఉండకూడదు.

చేసి చూపినవాళ్లున్నారు

"ఎండను ఎవరు ఆపగలరు?" అని నిట్టూర్చేవాళ్లకు నా జవాబు: తుపానును ఎవరు ఆపారు? ఆపలేదు. చావును ఆపారు.

మన పొరుగు రాష్ట్రం ఒడిశాలో 1998లో వడదెబ్బకు రెండువేల మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో అక్కడి ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది. వేసవిలో బడి వేళలు, పని వేళలు మార్చింది. మరణాలు బాగా తగ్గాయి. 2010 మేలో అహ్మదాబాద్‌ను వేడి చుట్టుముట్టింది. ఆ నెలలో మామూలుకన్నా 1,300 మందికి పైగా అధికంగా చనిపోయారు. 2013లో ఆ నగరం ఒక ప్రణాళిక వేసుకుంది. ముందురోజే రంగుల హెచ్చరికలు, ఆసుపత్రుల్లో సిద్ధంగా మంచుగడ్డలు, దారిపొడవునా మంచినీళ్లు, వైద్యులకు శిక్షణ. ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. దీనివల్ల ఏటా వెయ్యికి పైగా మరణాలు తప్పినట్లు తరువాత పరిశోధకులు అంచనా వేశారు.

మన వైపు కూడా కదలిక ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో "చల్లని పైకప్పుల" విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను ఎండను తిప్పికొట్టేలా చేయాలన్నది లక్ష్యం. 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం నిర్ణయించింది. సంతోషించవలసిందే. కాని దేశం మొత్తానికి వర్తించే విపత్తుల జాబితా ఒకటుంది. తుపాను, కరవు, భూకంపం, వరదలతో పాటు 2012లో చలిగాలులను అందులో చేర్చారు. 2025 ముగిసేనాటికి కూడా వడగాడ్పులు ఆ జాబితాలో చేరలేదు. చలికి చస్తే విపత్తు, ఎండకు చస్తే ఖర్మ అన్నట్టుంది!

నేను అడిగేవి నాలుగు

మొదటిది, సరైన లెక్క. ఎండకు చనిపోయినవారిలో చాలామంది పేర్లు గుండెపోటు కింద, మూత్రపిండాల జబ్బు కింద నమోదవుతాయి. పేరు నమోదు కాని చావుకు మందు ఎవరు వెతుకుతారు? ఏ రోజు ఎంత వేడి ఉంది, ఆ రోజు మామూలుకన్నా ఎంతమంది ఎక్కువ చనిపోయారు అని ప్రతి జిల్లాలోనూ పోల్చి చూడాలి.

రెండవది, పని ఆపే హక్కు. ఎర్ర హెచ్చరిక వచ్చిన రోజు మధ్యాహ్నం పని ఆగాలి. కూలి మాత్రం ఆగకూడదు. ఇక్కడే పెద్ద అభ్యంతరం వస్తుంది. "పని చేయకపోతే కూలి ఎవరిస్తారు?" తేలికైన ప్రశ్న కాదు. రెక్కాడితేగాని డొక్కాడనివాడికి "ఎండలో తిరగకండి" అని సలహా ఇవ్వడం వెక్కిరించినట్లే ఉంటుంది. అతనికి ఎండ సంగతి తెలియక కాదు, ఇంట్లో పొయ్యి సంగతి తెలుసు కాబట్టి తిరుగుతున్నాడు. అయితే దీనికి దారి లేకపోలేదు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యంత్రపు పడవలమీద సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ 61 రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తోంది. చేపలు బతకడానికి పని ఆపి భృతి ఇవ్వగలిగినవాళ్లం, సరిగ్గా అవే నెలల్లో మనుషులు బతకడానికి కొన్ని మధ్యాహ్నాలకు కూలి ఇవ్వలేమా? డబ్బు ఖర్చవుతుంది, నిజమే. తుపాను భవనాలకూ ఖర్చయింది. ఆ ఖర్చు దండగని ఇవాళ ఎవరైనా అంటారా?

మూడవది, నీడా నీళ్లూ. చలివేంద్రం మన ఊళ్లకు కొత్త కాదు. పుణ్యం కోసం పెట్టే చలివేంద్రం మంచిదే, కాని అది దాతల దయమీద ఆధారపడింది. ప్రతి పనిచోటా పందిరి, మంచినీళ్లు, ఉప్పు–పంచదార కలిపిన నీళ్లు ఉండడం హక్కు కావాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టిన చెట్టుకు లెక్క చెప్పాలి. చెరువును పూడ్చి కట్టిన మేడలు, తారు, సిమెంటు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతాయి. నగరాల్లో రాత్రులు చల్లబడకపోవడానికి ఇదొక కారణం. పగలు అలసిన గుండెకు రాత్రి కూడా విశ్రాంతి లేకపోతే మరునాటి ఎండను అది తట్టుకోలేదు.

"అందరూ ఏసీలు పెట్టుకుంటే సరి" అనేవాళ్లున్నారు. ఏసీ గదిలోని వేడిని మాయం చేయదు; వీధిలోకి తోస్తుంది. దానికి కావలసిన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు మండించి తీసిందే. ఆసుపత్రిలో, వృద్ధుల ఇంట్లో అది అవసరం కావచ్చు. కాని చేలో పనిచేసే మనిషికి ఏ ఏసీ పెడతాం?

నాలుగవది, అసలు కారణం సంగతి. మొదటి మూడూ గొడుగులు మాత్రమే. దుప్పటి మందమవుతూనే ఉంటే ఏ గొడుగూ చాలదు. 1992లో రియో నగరంలో ప్రపంచదేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2015లో పారిస్‌లో, వేడి పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా లోపల ఆపుతామని, ఒకటిన్నర డిగ్రీకే పరిమితం చేయడానికి ప్రయత్నిస్తామని మాట ఇచ్చాయి. 2021లో మన దేశం, 2070 నాటికి గాలిలోకి వదిలేదీ తిరిగి పీల్చుకునేదీ సమానం చేస్తామని ప్రకటించింది. 2025లో మన విద్యుత్ కేంద్రాల మొత్తం సామర్థ్యంలో సగం సూర్యుడు, గాలి, నీరు, అణుశక్తి వంటి బొగ్గు అక్కరలేని వాటిది అయింది. ఇది చిన్న విజయం కాదు. కాని సూర్యుడు రాత్రి ఉండడు కాబట్టి నిజంగా తయారయ్యే కరెంటులో అధిక భాగం ఇంకా బొగ్గుదే. ధనిక దేశాలు ముందుగా, వేగంగా తగ్గించాలనడం న్యాయం. వాళ్లు తగ్గించేదాకా మనం కూర్చుంటామనడం మాత్రం తెలివితక్కువ. దెబ్బ తినేది మన కూలీలే గనుక తొందర మనకే ఎక్కువ. బొగ్గు గనులమీద బతికే కుటుంబాలను వీధిన పడవేయకుండా ఈ మార్పు తేవాలి. ఎండబారినుంచి ఒక కూలీని కాపాడడానికి మరో కూలీ కడుపు కొట్టకూడదు కదా!

మరి మీరేం చేయగలరు?

మీరు ఒక మొక్క నాటితే భూమి చల్లబడిపోతుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. మొక్క నాటండి, పదేళ్లకు ఆ వీధికి నీడ వస్తుంది. అది చాలు దానికి. కాని మీరు చేయగల పని ఇంకొకటి ఉంది. కొలవడం.

ముందు ఒక ప్రయోగం. ఒకే రకం రేకు డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదానికి సున్నం, ఇంకోదానికి మసి పూయండి. రెండింటిలోనూ సమానంగా నీళ్లు పోసి, మూతలు పెట్టి గంటసేపు ఎండలో ఉంచండి. మీ బడి ప్రయోగశాల ఉష్ణమాపకంతో నీళ్ల వేడి చూడండి. (జ్వరం చూసేది వద్దు, అది పాడవుతుంది.) ఆ తేడా చూశాక, రేకుల కప్పుమీద సున్నం వేయమని ఇంట్లో చెప్పడానికి మీకు ఇంకెవరి సాక్ష్యమూ అక్కరలేదు.

తరువాత మీ ఊరి లెక్క. వేసవి సెలవుల్లో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ మధ్యాహ్నం మూడింటికి నీడలో ఉష్ణోగ్రత రాయండి. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకంతో ఇంకొకసారి రాయండి. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు, కోస్తాలో 37 డిగ్రీలు దాటి, మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజు మీ ఊళ్లో ఎవరెవరు ఎండలో పనిచేశారు? నీడ ఉందా? నీళ్లున్నాయా? ఎవరికైనా కళ్లు తిరిగాయా? అడిగి రాయండి. పది బళ్లలోని పిల్లలు ఇలా రాస్తే అది జిల్లా అధికారి బల్లమీద పెట్టదగిన కాగితమవుతుంది. హెచ్చరిక వచ్చినరోజు పక్కింటి ఒంటరి అవ్వ తలుపు తట్టి, "అవ్వా, నీళ్లు తాగావా?" అని అడగండి. తుపాను రోజున లారీ చేసే పని ఆ రోజున ఆ ఒక్క ప్రశ్న చేయవచ్చు.

దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు కూడా "ప్రకృతి ముందు మనమెంత?" అన్నవాళ్లు ఉన్నారు. ఆ మాట విని ఊరుకుని ఉంటే 1990లోనూ, 2014లోనూ ఎన్ని వేల మంది పోయేవారో! ప్రకృతి ముందు మనం చిన్నవాళ్లమే కావచ్చు. హెచ్చరించడం, నీడ ఇవ్వడం, కూలి ఇవ్వడం మాత్రం ప్రకృతి పని కాదు, మన పని.

ఈ వేసవిలో పత్రిక చివరి మూలలో ఆ నాలుగు పంక్తుల వార్త మీ కంట పడితే దాటేసి పోకండి. చదవండి. అది ఎండ వార్త కాదు, తుపాను వార్త.